ఇంటికి వచ్చిన పందిపిల్ల

మనుష్యుడు మచ్చిక చేసికొన్న జంతువులలో కుక్కకు విశ్వాసము, ఆవునకు సాధుత్వము, గుఱ్ఱమునకు వేగము పేరు తెచ్చినవి. పందికి మాత్రము అట్టి పేరు దక్కలేదు. దాని పేరు తెలుగున తిట్టుగా వినబడుచుండును. ఊరి చివర పెంటకుప్పలను త్రవ్వుచు, బురదలో పొరలుచు తిరుగు జంతువుగానే జనులు దానిని ఎఱుగుదురు. అయినను ఆ జంతువునకు తెలుగుదేశమున గౌరవము జరిగిన దినములును కలవు. వేంగీదేశము నేలిన తూర్పు చాళుక్యులకు వరాహము రాజలాంఛనము. విజయనగర సామ్రాజ్యమున చెల్లిన బంగారు నాణెమునకు వరాహ మని పేరు. సింహాచలమున వెలసిన దేవుడు వరాహ లక్ష్మీనరసింహస్వామి.

ఇట్లు తిట్టులోను, నాణెముమీదను, దేవాలయములోను చోటు సంపాదించిన పందికి ఇటీవలి కాలమున మఱియొక చోటు దొరికినది. అమెరికా సంయుక్త రాష్ట్రములలోను, కెనడాలోను కొందఱు గృహస్థులు దానిని కుక్కవలె, పిల్లివలె నట్టింటిలో పెంచుచున్నారు. అది వారి బిడ్డలతో ఆడుకొనును. పేరు పెట్టి పిలిచినచో పరుగెత్తుకొని వచ్చును. చలికాలమున కంబళిలో దూరి పండుకొనును. ఈ ముచ్చట చూచి మఱికొందఱు ముందువెనుకలు విచారింపక పందిపిల్లలను కొని తెచ్చుకొందురు. వారిలో పలువురు కొలది కాలమునకే చిక్కులలో పడుదురు. ఇందు తప్పు పందిది కాదు; దాని స్వభావమును తెలిసికొనకుండ తెచ్చినవారిది. కావున పంది యెట్టి జంతువో, పసివారును ఇతర జంతువులును ఉన్న యింటిలో అది యెట్లు మెలగునో తెలిసికొనుట యుక్తము.

ఇంటిపంది అడవిపందినుండి పుట్టినది. సుమారు 9,000 సంవత్సరములకు పూర్వము నేటి టర్కీ ప్రాంతమునందును, చైనాయందును మానవులు వేఱువేఱుగా అడవిపందిని మచ్చిక చేసిరని శాస్త్రజ్ఞులు చెప్పుదురు. ఆ తరువాత దేశదేశములలో అనేక జాతు లేర్పడినవి. వానిలో వియత్నాం దేశపు పంది యొకటి. దాని కాళ్లు కుఱుచ, వీపు పల్లము, ముఖము ముడుతలమయము. పొట్ట నేలను తాకునట్లు వ్రేలాడుచుండును. అందుచేత దానికి కుండపొట్ట పంది యని పేరు వచ్చినది. 1985 వ సంవత్సరమున కీత్ కానెల్ అను నతడు ఈ జాతి పందులను జంతుప్రదర్శనశాలల కొఱకు కెనడాకు తెప్పించెను. వాని సంతతి త్వరలోనే అమెరికాకు వ్యాపించెను. ప్రదర్శనకు తెచ్చిన జంతువు చూచినవారి మనస్సు దోచుకొని, క్రమముగా ఇండ్లలో ప్రవేశించెను.

పందిని గూర్చిన అపోహలలో మొదటిది అది మురికి జంతువనుట. మనుష్యునకు ఎండలో చెమటపట్టి శరీరము చల్లబడును. పందికి ఆ సాధనము లేదు. దాని చర్మమునందలి స్వేదగ్రంథులు మిక్కిలి స్వల్పముగా పనిచేయును. కావున అది నీటిలోనో, నీరు దొరకనిచో బురదలోనో పొరలి ఒడలు చల్లార్చుకొనును. ఒంటికి అంటిన బురద ఎండనుండియు, ఈగలనుండియు దానిని కాపాడును. తగినంత చోటున్నచో పంది తాను పండుకొను తావును మలమూత్రములతో పాడుచేయదు. ఇంటిలో పెంచువారు ఒక మూల అంచు తక్కువగా నున్న తొట్టి నుంచి, ఓర్పుతో అలవాటు చేసినచో, అది తప్పక అచ్చటికే పోవుట నేర్చుకొనును.

పంది తెలివిలేనిది అనుట రెండవ అపోహ. ఇంగ్లండులోని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమువారు ఈ విషయమును పరీక్షించి 2009 లో ఫలితములను ప్రకటించిరి. వారు కొన్ని పందులయెదుట కొన్ని గంటలపాటు అద్దము నుంచిరి. పిదప ఆహారపాత్రను అడ్డుతెర వెనుక దాచి, దాని ప్రతిబింబము అద్దములో కనబడునట్లు చేసిరి. అద్దమునకు అలవాటుపడిన ఎనిమిది పందులలో ఏడు అద్దము వెనుకకు పోక, తిరిగివచ్చి తెర వెనుకనున్న పాత్రను పట్టుకొనెను. అమెరికాలో జరిగిన మఱియొక పరీక్షయందు హామ్లెట్, ఆమ్లెట్, ఎబొనీ, ఐవరీ అను నాలుగు పందులకు ముట్టెతో ఒక మీట నాడించి, తెరమీద చుక్కను కదల్చి, గోడవలె కనబడు గీతకు తాకించుట నేర్పిరి. నెగ్గినప్పుడెల్ల చిన్న ఆహారపు గుళిక పడుచుండెను. ఒక్కొక్కప్పుడు గుళికలు పడు యంత్రము చెడిపోయినను, శిక్షకులు మెచ్చుకొనుచు మాటలాడుచుండగా అవి పని మానక సాగించినవి. ఈ పరీక్షల వృత్తాంతము 2021 లో వెలువడినది.

ఈ తెలివికి ఆప్యాయత తోడైనపుడు ఏమి జరుగునో తెలుపు నుదంత మొకటి కలదు. 1998 లో పెన్సిల్వేనియా రాష్ట్రమున, ఈరీ సరస్సు ఒడ్డున విడిది చేసియున్న ఒక గృహిణి గుండెపోటు వచ్చి నేలకూలెను. ఆమెకు తోడుగా ఒక కుక్కయు, సుమారు 70 కిలోల బరువుగల లూలూ అను పందియు మాత్రమే యుండెను. కుక్క మొఱుగుచు కూర్చుండెను. పంది కుక్కకొఱకు అమర్చిన చిన్న ద్వారమున దూరి, ఒడలు గీచుకొనిపోయినను లక్ష్యపెట్టక బయటపడి, దారికి అడ్డముగా పండుకొనెను. నడుమ నడుమ లోనికి వచ్చి యజమానురాలిని చూచిపోవుచుండెను. తుదకు ఒక మోటారువాడు బండి ఆపి, పంది వెంట ఇంటికి వచ్చి, వైద్యసహాయము రప్పించెను. ఆమె బ్రదికినది. ఈ వార్త నాటి పత్రికలలో ప్రకటింపబడి, లూలూ పేరు దేశమంతట మారుమ్రోగెను.

ఐనను బుద్ధి యున్న జంతువుతో పనియు ఎక్కువే. పందికి లోకమంతయు ముట్టెలోనే యున్నది. నేలలో పాతిపెట్టిన దుంపను అది వాసనచేతనే కనుగొనును. ఐరోపాలో భూమిలో పెరుగు ట్రఫుల్ అను విలువైన పుట్టగొడుగులను వెదకుటకు పూర్వము పందులను తీసికొనిపోవువారు. అవి పుట్టగొడుగులను కనుగొనుటయే గాక, నేలనంతయు పెళ్లగించి, దొరికినదానిని తామే తినివేయుచుండెను. అందుచేత ఇటలీ ప్రభుత్వము 1985 లో ఆ పనికి పందులను వాడరాదని నిషేధించెను. త్రవ్వుట పందికి ఊపిరి పీల్చుటవంటిది. పెరడు లేని యింటిలో దానిని బంధించినచో తివాచీలను లాగును. గోడల అడుగుభాగమును పెళ్లగించును. అలమారల తలుపులు తెఱచుట నేర్చుకొని, బియ్యపు డబ్బాను క్రుమ్మరించును. అట్టి పందిని కొట్టి ప్రయోజనము లేదు. త్రవ్వుకొనుటకు మెత్తని నేల, పొరలుటకు నీరు, తలదాచుకొనుటకు నీడ, వెదకి తినుటకు అచ్చటచ్చట చల్లిన ఆహారము కల్పించుటయే తగిన చికిత్స.

పసివారున్న యింటిలో మఱింత జాగ్రత్త వలయును. పందులు మందగా బ్రదుకు జంతువులు. మందలో ఏది పెద్దదో, ఏది చిన్నదో త్రోపులాటచేత తేల్చుకొనుట వాని యాచారము. ఇంటిలోనివారే దానికి మంద. పెరిగినకొలది అది యింటిలో తనకంటె చిన్నవారెవరని పరీక్షించును, ముట్టెతో పొడుచును, తలతో త్రోయును, ఒక్కొక్కప్పుడు కఱచుటకును వచ్చును. పసివాడు దానికి లోకువగా కనబడును. చేతిలో రొట్టెముక్క పట్టుకొని తిరుగు బిడ్డను అది వెంబడించి లాగికొనును. కావున పిల్లలు పంది యెదుట తినరాదు. తమ కంచములోనిది దానికి చేతితో పెట్టరాదు. దాని ఆహారము దాని పాత్రలోనే, దాని వేళకే పెట్టవలెను. దానిని కూర్చుండబెట్టి, శాంతముగా నున్న పిదప పాత్ర నుంచుట మంచి పద్ధతి.

పందిపిల్లను చూచిన బిడ్డకు ఎత్తుకొనవలెనని బుద్ధి పుట్టును. పంది యందులకు మిక్కిలి భయపడును. అడవిలో దాని పూర్వులను నేలనుండి ఎత్తినది క్రూరమృగమే గాని మిత్రుడు కాదు. అందుచేత ఎత్తగానే చెవులు చిల్లులు పడునట్లు కీచుమనును. దానితో చెలిమి చేయగోరువాడు నేలపై కదలక కూర్చుండి, అది తనంతట దగ్గఱకు వచ్చువఱకు వేచియుండవలెను. రెండుమూడు దినములలో వచ్చి వాసన చూచును. వారము గడచునప్పటికి ప్రక్కన పండుకొని, పొట్ట నిమురుమని వెల్లకిల పడును. ఎంత చెలిమి కుదిరినను చిన్నపిల్లలను, పందిని పెద్దల కనుచాటున ఒంటరిగా విడువరాదు. ఇది అందఱును పాటింపవలసిన నియమము.

ఇక కుక్కల సంగతి. కుక్క వేటాడు జాతికి చెందినది. పంది వేటకు గుఱియగు జాతికి చెందినది. ఒకే కంబళిమీద నెలల తరబడి నిద్రించిన కుక్కయు పందియు ఒకనాడు ఆహారముకొఱకో, ఆటలో పుట్టిన కోపముచేతనో కలియబడవచ్చును. బరువైన పంది వేగముగా తిరిగి తప్పించుకొనలేదు. దాని చెవులును, ముఖమును గాయపడును. ఒక్కొక్కచో ప్రాణమే పోవును. రెండు మూడు కుక్కలు కూడియున్న యింటిలో ఈ యపాయము హెచ్చు. కావున వానికి వేఱువేఱు గదులలో ఆహారము పెట్టవలెను. పెద్దలు బయటికి పోవునపుడు వాని నడుమ తలుపు మూసి పోవలెను. పిల్లితో పందికి సాధారణముగా చిక్కు రాదు. పిల్లి ఎత్తైన చోటికి ఎక్కి కూర్చుండి, తనకు తోచినపుడు దిగివచ్చును. కోళ్లున్న యింటిలో మాత్రము మఱవరాని సంగతి యొకటి కలదు: పంది సర్వభక్షకము. అది గ్రుడ్లను తినును. చిన్న కోడిపిల్లలనైనను విడువదు.

పంది యారోగ్యమునకును ఇంటివారి యారోగ్యమునకును సంబంధము కలదు. జలుబు, ఇన్‌ఫ్లుయెంజావంటి జ్వరములు పందినుండి మనుష్యునకును, మనుష్యునినుండి పందికిని సోకవచ్చును. 2009 లో లోకమంతట వ్యాపించిన ఇన్‌ఫ్లుయెంజా వైరసు పందులనుండి వచ్చినదే. తెలుగు జిల్లాలలో మెదడువాపు వ్యాధి ప్రబలినపుడు పందులను ఊరికి దూరముగా నుంచుమని అధికారులు చెప్పుటకును కారణము కలదు. ఆ వ్యాధి వైరసు పంది శరీరమున వృద్ధిపొంది, దోమలద్వారా మనుష్యులకు చేరును. కావున పందిని తాకిన పిమ్మట చేతులు కడుగుకొనుట, జ్వరము వచ్చిన బిడ్డను దానికి దూరముగా నుంచుట, టీకాలు వేయించుట అవసరము. ఎల్లప్పుడు త్రాగునీరు అందుబాటులో నుండవలెను. నీరు దొరకని పందికి శరీరములో ఉప్పు హెచ్చి, మెదడు దెబ్బతిని ప్రాణాపాయము కలుగును. గిట్టలు పెరిగినకొలది కత్తిరింపవలెను. మగదానికి చిన్ననాడే బీజములు తీయింపవలెను. లేనిచో దుర్వాసనయు, కోపమును హెచ్చును. ఆడది మూడు వారముల కొకసారి ఎదకు వచ్చి చిరాకుపడును. దానికిని శస్త్రచికిత్స మేలు. ఈ పనులన్నియు చేయగల పశువైద్యుడు సమీపమున నున్నాడో లేడో పందిని తెచ్చుటకు ముందే విచారింపవలెను. చట్టమును గూర్చియు అట్లే విచారింపవలెను. న్యూయార్కు నగరములో ఇంట పందిని పెంచుట నిషిద్ధము.

ఇన్నింటికిని మించినది మోసమునకు సంబంధించిన విషయము. అమ్మువారిలో కొందఱు అఱచేతిలో ఇమిడెడు పందిపిల్లను చూపి, ఇది టీకప్పు పంది, ఎన్నటికిని ఇంతకంటె పెద్దగా పెరుగదని చెప్పుదురు. అట్టి జాతి లోకమున లేదు. కుండపొట్ట పంది పెరిగినపుడు సాధారణముగా 45 మొదలు 90 కిలోల వఱకు తూగును. నమ్మనివారికి అమ్మువారు తల్లిని చూపుదురు. తల్లియు చిన్నదిగానే కనబడును. అందు కిటుకు కలదు. ఆడపంది కొలది నెలల వయస్సుననే చూలు దాల్చగలదు. 114 దినములలో ఈనును. అందుచేత చూపబడిన తల్లి తానును ఇంకను పెరుగుచున్న పిల్లయే. పంది పూర్తిగా పెరుగుటకు మూడేండ్లు మొదలు అయిదేండ్లు పట్టును. కొందఱు కొనువారితో, దీనికి ఇంతకంటె ఎక్కువ పెట్టవలదు, పెట్టినచో పెరుగునని చెప్పుదురు. ఆ మాట విని పసిజీవిని ఆకలితో మాడ్చువారును కలరు. పంది చిన్నదిగా నుండుట దాని గుణము కాదు. అది దాని వయస్సు మాత్రమే.

కెనడా దేశపు ఆంటేరియో రాష్ట్రమున జరిగిన వృత్తాంతము ఇందులకు నిదర్శనము. 2012 లో స్టీవ్ జెంకిన్స్ అను నతనికి ఒక పరిచితురాలు పందిపిల్ల నొకదానిని ఇచ్చెను. అది మిక్కిలి చిన్న జాతిదనియు, ఎంత పెరిగినను సుమారు 30 కిలోలు మించదనియు ఆమె చెప్పెను. అతడు తనతో కాపురముండు డెరెక్ వాల్టరుతో ఒక్క మాటయైనను చెప్పకయే దానిని జార్జిటౌను పట్టణములోని తమ చిన్న యింటికి తెచ్చెను. అప్పటికే ఆ యింట రెండు కుక్కలును, రెండు పిల్లులును ఉండెను. పందిపిల్లకు ఎస్తర్ అని పేరు పెట్టిరి. పశువైద్యునియొద్దకు తీసికొనిపోగా, దాని తోక కత్తిరింపబడియుండుట బయటపడెను. మాంసముకొఱకు పందులను పెంచు క్షేత్రములలోనే అట్లు చేయుట వాడుక. ఎస్తర్ చిన్న జాతిది కాదు. పెద్ద జాతి పంది.

అది పెరిగెను; ఇంకను పెరిగెను; తుదకు 295 కిలోలు తూగెను. ఇల్లు చాలలేదు, పట్టణపు నిబంధనలు అంగీకరింపలేదు. అప్పటికి అది కుక్కలతో కూడి నిద్రించుట, తలుపులు తెఱచుట, పిలిచినపుడు పలుకుట నేర్చుకొని ఇంటిబిడ్డవలె నుండెను. దానిని విడిచిపెట్టుట వారికి సులభమే, అడిగినవారును లేరు. కాని వారు ఆ పని చేయలేదు. తమ భోజనమునందు మాంసమును మానిరి. 2014 లో పలు దేశముల జనులయొద్ద చందాలు పోగుచేసి, కాంప్‌బెల్‌విల్ అను చోట 50 ఎకరముల క్షేత్రమును కొని, ఎస్తరును అచ్చటికి చేర్చిరి. దానితోపాటు దిక్కులేని ఇతర జంతువులకును ఆశ్రయ మిచ్చిరి. 2018 లో ఎస్తరునకు వ్యాధి సోకినపుడు అంత పెద్ద పందిని పరీక్షింపగల స్కానింగు యంత్రము దొరకలేదు. వారు మరల చందాలు కూర్చి, గ్వెల్ఫు నగరములోని పశువైద్య కళాశాలకు అట్టి యంత్రము సమకూర్చిరి. అది ఇతర పెద్ద జంతువులకును ఉపయోగపడును. ఎస్తర్ మఱి అయిదేండ్లు జీవించి, 2023 అక్టోబరులో కన్నుమూసెను.

పందులను తెచ్చుకొన్న వారందఱును ఇట్లు చేయలేరు. 50 ఎకరములు కొనగలవారు కొలదిమంది. అమెరికాలోని జంతు శరణాలయములకు చేరు పందులలో పెక్కింటి కథ ఒకటియే: కొన్ననాడు చిన్నది, పెరిగిననాడు అక్కఱలేనిది. పంది పదునైదేండ్లు, ఒక్కొక్కచో ఇరువదియేండ్లు జీవించును. ఎనిమిదేండ్ల బాలుడు ముచ్చటపడి తెచ్చుకొన్న పంది అతడు చదువు ముగించి ఉద్యోగమునకు పోవునాటికిని ఆ యింటనే యుండును. అప్పుడు దానికి నీరు పోయువారెవరు, గిట్టలు కత్తిరించువారెవరు అని తెచ్చునాడే ఆలోచింపవలెను.

ఈ నియమము పందికి మాత్రమే చెందినది కాదు. కుక్కపిల్లయైనను, చిలుకయైనను, తాబేలైనను, ఇంటికి తెచ్చినవాడు దానికి మాట యిచ్చినవాడగును. ఆ మాటను జంతువు అడుగలేదు, తప్పినచో నిలదీయజాలదు. కావుననే దానిని నిలుపుకొనుట మనుష్యుని బాధ్యత. చేతిలో ఇమిడెడు పందిపిల్లను ముద్దాడుట అందఱికిని వచ్చును. అది వాకిలి పట్టనంతగా పెరిగిననాడును దానికి చోటు విడువగలవాడే పెంపకము తెలిసినవాడు.